నాలుగో నంబరు మంచం

"ఆ ప్లగ్గు మీద చెయ్యి తియ్యండి ఈశ్వరప్రసాద్ గారూ! ఊడబెరికారంటే ఏ పాపం ఎరగని మనిషిని చేతులారా జైలుకి పంపినవారవుతారు."

బల్ల కింద దూరి ఉన్న పెద్దమనిషి ఉలిక్కిపడి తల ఎత్తబోయాడు. బల్ల చెక్కకి ఠంగుమని కొట్టుకుంది. నాకు మహదానందం కలిగింది. దాచుకోవడమెందుకు?

ఈశ్వరప్రసాద్ కలకత్తా డిటెక్టివ్. సఫారీ సూటు, బ్రీఫ్‌కేసు, నున్నగా దువ్విన జుట్టు. ఖరగ్‌పూర్‌లో కాస్త పేరొచ్చే కేసు పడిందని తెలిస్తే చాలు, పొద్దున్న లోకల్ రైల్లో దిగిపోతాడు. పోయినేడు ఒక పార్సిలు దొంగని పట్టుకున్నది నేను, పేపర్లో ఫొటో పడింది ఆయనది. ఆ మంట నాకింకా చల్లారలేదు.

"సత్యవాణి గారూ, ఇది కంప్యూటర్. వంటింటి వ్యవహారం కాదు," అన్నాడు తల రుద్దుకుంటూ. "దీన్ని సీలు చేసి కలకత్తాలో నిపుణులకి చూపించాలి. ఎవిడెన్స్!"

"వంటింట్లో కూడా పొయ్యి మీద ఏముందో చూడకుండా మంట ఆర్పరండీ. మీరు కలకత్తాలో ఈ పెట్టె విప్పేసరికి అందులో ఎవిడెన్స్ ఉండదు. కరెంటు ఆగిన క్షణంలో పోతుంది. నేను రైల్వే లెక్కల ఆఫీసులో పదేళ్లు కంప్యూటర్ల ముందు కూర్చుని, విసుగెత్తి ఈ డిటెక్టివ్ వృత్తిలోకి వచ్చినదాన్ని. కాస్త నా మాట వినండి."

ఆయన వినలేదు గానీ ప్లగ్గు మాత్రం వదిలాడు.

కేసు ఇదీ. మేము నిలబడి ఉన్నది ప్రేమ్ బజార్ దగ్గర డాక్టర్ మైతీ గారి నర్సింగ్ హోమ్‌లో, మేడ మెట్ల కింది గదిలో, వార్డుల కంప్యూటర్లని నడిపే సర్వర్ ముందు. కింద మగవాళ్ళ వార్డు, మేడ మీద కిందటి నెలలోనే తెరిచిన ఆడవాళ్ళ వార్డు. జిల్లాలో ఎవరికీ లేనిది తనకుండాలని డాక్టరు గారి సరదా. అందుకని ఇక్కడి నర్సులు మందు చీటీలు చేత్తో రాయరు. వార్డులో ఉన్న కంప్యూటర్లో తమ పేరు, రహస్యపదం, ఏ వార్డో కొట్టి, తరవాత మంచం నంబరు, మందు కొడితే ఈ గది పక్కనున్న మందుల గదిలో ప్రింటరు మీద చీటీ వస్తుంది. ఆయా ఆ చీటీ చూసి మందు పట్టుకెళ్తుంది.

నిన్న మధ్యాహ్నం రెండు నలభైకి, మేడ మీద నాలుగో నంబరు మంచానికి ఇన్సులిన్ ఇవ్వమని చీటీ వచ్చింది. అదీ గట్టి మోతాదు. ఆ మంచం మీద ఉన్నది బాలాంబ గారనే పెద్దావిడ, కడుపులో ఆపరేషను అయి కోలుకుంటోంది. ఆ పూటే కొత్తగా చేరిన నర్సు, కంప్యూటర్ చెప్పింది కదా అని మారు మాట లేకుండా పొడిచేసింది. కాసేపటికి బాలాంబ గారు చెమటలు పట్టి స్పృహ తప్పింది. అదృష్టం బాగుండి డాక్టరు గారు అటు వచ్చారు గనక గ్లూకోజు ఎక్కించి బతికించారు. వెంటనే కంప్యూటర్లు ఎవరూ ముట్టుకోవద్దని హుకుం వేశారు. నిన్నటి నుంచి చీటీలన్నీ మళ్ళీ చేతి రాతే.

ఆ ఇన్సులిన్ చీటీ మీద ఉన్న పేరు కోటేశ్వరి. ఆమె ఇక్కడ పన్నెండేళ్లుగా నర్సు. నాలుగు గంటలకి పోలీసు జీపు ఆమె కోసం వస్తోంది. ఇప్పుడు మూడుంపావు.

కోటేశ్వరి గది మూల స్టూలు మీద కూర్చుని ఉంది. యూనిఫాం ఇస్త్రీ నలగలేదు, మొహం మాత్రం నలిగిపోయింది. నేను ఆమె ఎదురుగా మరో స్టూలు లాక్కున్నాను.

"నిన్న ఆఖరుసారి కంప్యూటర్ ఎప్పుడు ముట్టుకున్నావు?"

"ఒంటిగంటన్నరకమ్మా. మేడ మీద ఆరో నంబరావిడికి నొప్పి మాత్ర కొట్టినాను. రెండింటికి డూటీ దిగిపోనాను. నిమ్‌పురాలో ఇంటికెల్లి, ఇంత అన్నం తిని తొంగున్నాను. ఇంకేటీ తెల్దు."

"ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

"నేరమ్మా. ఆయన లోకోషెడ్డుకి పనికెల్లిపోనాడు."

"దిగే ముందు కంప్యూటర్లో నీ పేరు మూసేశావా, లేక అలాగే వదిలేశావా?"

ఆమెకి రోషం వచ్చింది. నాకు కావలసిందీ అదే. "మూసేసినాను! మా అయ్య రైల్వే సిగ్నలు కేబిన్‌మేనమ్మా. ఛార్జి అప్పజెప్పకుండా డూటీ దిగిపోడం మా ఇంటావొంటా నేదు."

"రహస్యపదం ఎవరికైనా చెప్పావా?"

"మా ఆయనకే సెప్పనేదు."

ఈశ్వరప్రసాద్ చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "విన్నారా! పదం ఇంకెవరికీ తెలియదు. మొన్న బాలాంబ గారు ఫాను కింద మంచం ఇవ్వలేదని అందరి ముందూ ఈవిడని దులిపేశారు. కారణం ఉంది, అవకాశం ఉంది, పేరు ఉంది. కంప్యూటర్ అబద్ధం చెప్పదు మేడమ్."

"చెప్పదు. నిజం కూడా చెప్పదు. మనం చెప్పిందే తిరిగి చెబుతుంది. మనమేమీ చెప్పకపోతే అంతకుముందు ఇంకెవరో చెప్పింది చెబుతుంది. అది తరవాత చూద్దాం. ముందు నాకొకటి చెప్పండి. బాలాంబ గారికి షుగరుందా?"

"లేదు. అయితే?"

"పన్నెండేళ్ల నర్సు ఒక మనిషిని చంపాలనుకుంటే, షుగరు లేని మనిషికి ఇన్సులిన్ రాసి, దాని మీద తన పేరు వేసుకుని, ఇంకో నర్సు చేతికిస్తుందా? 'ఈవిడకి ఇదెందుకు?' అని ఎవరైనా అడిగే మందు కదండీ అది!"

"కోపంలో మనుషులకి తెలివి పనిచెయ్యదు," అన్నాడాయన.

"ఆ సంగతి మిమ్మల్ని చూస్తే తెలుస్తూనే ఉంది."

కోటేశ్వరి హఠాత్తుగా నా చెయ్యి పట్టుకుంది. "నన్ను జెయిల్లో ఎట్టేస్తే ఎట్టీనీ అమ్మా. ముసిల్దానికి ఇసం పెట్టిందన్న మాట మాత్రం ఒద్దు. రేపు బయటికొచ్చినా నా సేత సూది ఎవుడేయించుకుంతాడు? నాకింకేటి సేతనవును?"

ఆ చేతిని చూశాను. పొట్టి గోళ్ళు, స్పిరిటుకి తెల్లబడ్డ వేళ్ళు. ఈ కేసు గెలవకపోతే నా ఏజెన్సీ బోర్డు నేనే దింపేసుకోవాలి అనుకున్నాను.

ఆమెని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఎవరికీ వినబడకుండా ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. ఆమె కళ్ళు పెద్దవి చేసి జవాబు చెప్పింది. చెయ్యాల్సిన పనేమిటో చెవిలో చెప్పి మళ్ళీ స్టూలు మీద కూర్చోబెట్టాను.

అప్పుడు గుమ్మం దగ్గర తాళాల గుత్తి చప్పుడైంది. డాక్టర్ మైతీ, ఆయన వెనకే ఆఫీసు మేనేజరు చలపతి వచ్చారు. డాక్టరు గారు రాత్రంతా నిద్ర లేక వడిలిపోయి ఉన్నారు. చలపతి మాత్రం చొక్కా గుండీలతో సహా చక్కగా ఉన్నాడు.

"ఏటండీ, ఇంకా అవనేదా?" అన్నాడు చలపతి. "మూడున్నరకి లోడ్‌షెడ్డింగుంది. ఈ బేటరీ ముసిల్దయిపోనాది, పది నిమిషాలు కూడా ఆగదు. జనరేటర్లో డీజిలు నేదు. ఈలోగా మిషన్ని పద్ధతిగా మూసీడం మంచిది."

"సరిగ్గా నేనూ అదే అంటున్నాను," అన్నాడు ఈశ్వరప్రసాద్.

నేను ప్లగ్గుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. లేపడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

"కామేశం," అని పిలిచాను.

కంప్యూటర్ ముందు ముడుచుకుని కూర్చున్న కుర్రాడు తలెత్తాడు. తెనాలి వాడు. ఇక్కడ ఇంజనీరింగ్ చదువుతూ, సెలవుల్లో డాక్టరు గారికి ఈ ప్రోగ్రామంతా రాసిపెట్టాడు. తెలివైనవాడే. తెలివైనవాళ్ళు చేసే తప్పే చేశాడు.

"నువ్విచ్చిన ప్రోగ్రాము కాగితాలు పొద్దున్న ఇడ్లీ తింటూ చదివాను. ఇడ్లీ చల్లారిపోయింది గానీ కడుపు నిండింది. నర్సు పేరు, వార్డు, ఈ రెండు వేరియబుల్సూ ఎక్కడ పెట్టావు?"

"మాడ్యూల్ పైనండీ. ఫంక్షన్ల బయట. అన్ని ఫంక్షన్లకీ కనబడాలని."

"మంచం నంబరు, మందు?"

"అవి ఫంక్షన్ లోపలండీ."

"లోపల పెట్టింది ఎంతసేపు బతుకుతుంది?"

"ఫంక్షన్ మొదలైతే పుడుతుంది, అయిపోగానే పోతుంది."

"బయట పెట్టింది?"

"ప్రోగ్రాం మొదలైనప్పుడు పుట్టి, ఆగినప్పుడు పోతుంది. కానీ మేడమ్, చీటీ చీటీకీ ప్రోగ్రాం కొత్తగా మొదలై ఆగిపోతుంది కదా. ఏమీ మిగలదు. నేను పరీక్ష చేసి చూశానండీ."

"ఎప్పుడు చేశావు?"

"రాసిన కొత్తలో."

"అప్పుడు సరే. ఇప్పుడు కూడా చీటీ చీటీకీ ఆగిపోతోందా?"

కామేశం గభాలున నా వైపు తిరిగాడు. ఆ మొహంలో రంగు దిగిపోవడం నేను కళ్ళారా చూశాను.

"చీటీ రావడానికి ఆలస్యమవుతోందని మేనేజరు గారు గొడవ పెట్టారండీ. ప్రోగ్రాము రాసిన పెర్ల్ భాషని ప్రతిసారీ లేపడం ఈ పాత మిషనుకి బరువు. అందుకని పోయిన నెలలో, ప్రోగ్రాం ఆగకుండా సర్వర్‌లోనే కూర్చునేలా మార్చాను. చకచకా పనిచేస్తోందని అందరూ మెచ్చుకున్నారు."

"అంటే ఆ మాడ్యూల్ ఇప్పుడు..."

"పోయిన సోమవారం మిషను పెట్టినప్పుడు పుట్టిందండీ. ఇంకా బతికే ఉంది."

డాక్టర్ మైతీ చేతులెత్తారు. ఆయనకి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేది హిందీ. మామూలు మనిషికి తెలిసేలా చెప్పండి దీదీ, అన్నారు.

"మన తెలుగు హోటల్లో భోంచేశారు కదా డాక్టరు గారూ? ఫంక్షన్ లోపలి వేరియబుల్ విస్తరాకు. ఒకడు తిన్నాక తీసి పారేస్తారు, తరవాతివాడికి కొత్తది వేస్తారు. మాడ్యూల్ పైన పెట్టింది సాంబారు బకెట్టు. పంక్తి మారినా బకెట్టు మారదు. కొత్త సాంబారు పోస్తే సరే, పొయ్యకపోతే ముందు పంక్తిలో మిగిలిందే వడ్డిస్తారు. నర్సులు పేరూ వార్డూ కొట్టి లోపలికొస్తారు గనక ప్రతిసారీ కొత్తది పోస్తున్నట్టే. అందుకే ఈ నెల రోజులూ ఎవరికీ తేడా తెలియలేదు. ఏమోయ్ కామేశం, పేరు కొట్టకుండా ఎవడైనా వస్తే?"

"ముందు వచ్చినవాళ్ళ పేరే పడుతుంది," అన్నాడు గొణుగుతూ.

"కోటేశ్వరి పేరు మూసేసింది కదా?"

"మూస్తే తెర మూసుకుంటుందండీ. వేరియబుల్‌ని నేను తుడవలేదు. ప్రోగ్రాం ఆగితే అదే పోతుంది కదా అనుకుని రాసింది..." రెండు చేతుల్తో తల పట్టుకున్నాడు.

ఈశ్వరప్రసాద్ లేచాడు. "కట్టుకథ! పేరు కొట్టకుండా లోపలికి రావడానికి దారేదీ? తలుపు దగ్గరే పదం అడుగుతుంటే?"

కామేశం ఏదో చెప్పబోయాడు. నేను చెయ్యి ఎత్తి ఆపాను. "దారి సంగతి చివర్న. ముందు కట్టుకథో కాదో చూద్దాం. నిన్నటి నుంచి ఎవరూ ఈ కంప్యూటర్లు ముట్టుకోలేదు. అంటే ఆ బకెట్టులో ఆఖరున పోసిందేదో అలాగే ఉండాలి. కరెంటు పోతే బకెట్టు బోర్లపడుతుంది. మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ ఎవరి పేరో కొట్టించి నేను చూపించొచ్చు. కానీ అప్పుడది నేనాడించే బొమ్మలాట అంటారు మీరు. ఇప్పుడున్నది నిన్నటి సాక్ష్యం."

తరవాత కోటేశ్వరి వైపు తిరిగి, గదిలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా గట్టిగా అన్నాను. "నువ్వెందుకు ఇక్కడ ఊరికే కూర్చోడం? మగవాళ్ళ వార్డులో ఆయా జోగమ్మ ఒక్కర్తే ఉంది. పోలీసులొచ్చే దాకా అక్కడికెళ్ళి పేషెంట్లని చూసుకో."

"మీకు మతి పోయిందా!" ఈశ్వరప్రసాద్ అరిచాడు. "ముద్దాయిని పేషెంట్ల మీదకి వదులుతారా? పారిపోతే?"

"పారిపోతే నా ఏజెన్సీ బోర్డు ఊడదీసి మీ బ్రీఫ్‌కేసులో పెట్టుకెళ్ళండి. గాలిమాట కాదు. డాక్టరు గారి ఎదురుగా అంటున్నాను."

డాక్టర్ మైతీ తల ఊపి, ఠీక్ హై అన్నారు. కోటేశ్వరి వెళ్ళిపోయింది. చలపతి తాళాల గుత్తిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

అంతలో ఫాను ఆగింది. దీపాలు పోయాయి. బల్ల కింద బ్యాటరీ కీచు కీచుమని అరవడం మొదలుపెట్టింది.

"సెప్పినాను కదండీ," అన్నాడు చలపతి. "నానెల్లి జనరేటరు సూసొస్తాను."

డీజిలు లేని జనరేటర్ని చూసి ఏం చేస్తాడో నేనడగలేదు. వెళ్ళనిచ్చాను.

"ఈశ్వరప్రసాద్ గారూ, కూర్చోండి. నేను కీబోర్డు ముట్టుకోను, కామేశం ముట్టుకోడు. మీరే కొట్టండి. పేరు అడిగే తెర మీదకి వెళ్ళకుండా నేరుగా చీటీ తెర మీదకి పోయే అడ్రసు చెప్పు కామేశం."

కామేశం ఒక్కో అక్షరం చెబుతుంటే కలకత్తా డిటెక్టివ్ ఒక్క వేలుతో కొట్టాడు. బ్యాటరీ కీచులు దగ్గర దగ్గరవుతున్నాయి. ఆ ఒక్క వేలు అక్షరాలు వెతుక్కుంటూ కీబోర్డంతా తిరుగుతుంటే నాకు ప్రాణం పోయినంత పనైంది. చివరికి తెర మీద రెండు గడులు వచ్చాయి. మంచం నంబరు, మందు. అంతే.

"పేరు గడి లేదు," అన్నాడాయన ఆశ్చర్యపోతూ. "వార్డు గడీ లేదు."

"ఈ తెర మొదట్లో రాసిందండీ," అన్నాడు కామేశం. "అప్పటికి ఉన్నది మగవాళ్ళ వార్డొక్కటే. వార్డు అడగాల్సిన పనే లేదు."

"తొమ్మిది కొట్టండి. రెండు వార్డుల్లోనూ తొమ్మిదో మంచం ఖాళీయే. మందు దగ్గర గ్లూకోజని కొట్టండి. డాక్టరు గారూ, మీరు పక్క గదిలో ప్రింటరు దగ్గర నిలబడండి. అది కూడా ఈ బ్యాటరీ మీదే నడుస్తోంది కదా?"

ఈశ్వరప్రసాద్ ఆఖరి మీట నొక్కాడు. ఏమీ కాలేదు. బ్యాటరీ ఆపకుండా ఒకటే కూత పెట్టింది. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. బతుకవే తల్లీ, ఇంకొక్క నిమిషం బతుకు అని ఆ ముసలి పెట్టెకి మొక్కుకున్నాను.

పక్క గదిలో ప్రింటరు గరగరమంది.

డాక్టర్ మైతీ గొంతు తలుపు ఇవతలకి స్పష్టంగా వినబడింది. చీటీ ఒక్కో మాటా చదివారు. నర్సు: కోటేశ్వరి. వార్డు: ఆడవాళ్ళది. మంచం: తొమ్మిది. మందు: గ్లూకోజు.

ఆ చదవడం పూర్తి కాగానే తెర నల్లబడిపోయింది. బ్యాటరీ నోరు మూసింది. సోమవారం నుంచీ బతికి ఉన్న ఆ మాడ్యూల్, దానిలో మిగిలిపోయిన పేరు, అన్నీ పోయాయి. పోతే పోనీ! చీటీ డాక్టరు గారి చేతిలో ఉంది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. వయసు గుర్తొచ్చి ఊరుకున్నాను.

"కోటేశ్వరి అని నేను కొట్టలేదు," అన్నాడు ఈశ్వరప్రసాద్ మెల్లగా, తన వేలి వైపు చూసుకుంటూ. "ఆమె ఈ గదిలోనే లేదు."

"లేదు. నిన్న రెండు నలభైకి కూడా లేదు. నిమ్‌పురాలో నిద్రపోతోంది. ఆపైన ఇంకెవరూ పేరు కొట్టలేదు గనక, ఒంటిగంటన్నరకి ఆమె కొట్టిన పేరు మాడ్యూల్‌లో ఉండిపోయింది. తరవాత పేరు లేకుండా వచ్చినవాడు ఆ పేరు మీద వెళ్ళిపోయాడు. వాడికీ ఆ సంగతి తెలియదు. చీటీ మీద పేరు ఖాళీగా వస్తుందనుకుని ఉంటాడు."

ఆయన లేచి నిలబడ్డాడు. మనిషికి గర్వం ఎక్కువే గానీ నిజం కళ్ళ ముందుంటే కాదనే రకం కాదు. ఆ మాట ఆయన గురించి మొదటిసారి ఒప్పుకుంటున్నాను.

"ఓడిపోయాను సత్యవాణి గారూ. కోటేశ్వరి కాదు. మరి బాలాంబ గారిని చంపాలనుకున్నదెవరు?"

"ఎవరూ కాదు."

"అంటే?"

"ఇందాక మీరే అన్నారు కదా, వార్డు గడీ లేదని. ఆడవాళ్ళ వార్డు అని మీరు కొట్టారా? కొట్టలేదు. అదీ మిగిలిపోయిందే! నిన్న వాడు కొట్టింది నాలుగో నంబరు, ఇన్సులిన్. ఈ రెండే. నెల కిందటి దాకా ఈ నర్సింగ్ హోమ్‌లో నాలుగో నంబరంటే ఒకటే మంచం, కింద మగవాళ్ళ వార్డులో. మేడ మీద ఇంకో నాలుగో నంబరు వచ్చిందన్న సంగతి ఆ పాత తెరకీ తెలియదు, వాడి పాత అలవాటుకీ తట్టలేదు. ఆ సూది బాలాంబ గారిది కాదండీ, దారి తప్పి మేడెక్కింది. కిటికీ దగ్గర కోటేశ్వరిని నేనడిగింది ఇదే: ఈ నర్సింగ్ హోమ్‌లో ఇన్సులిన్ ఇస్తే ఎవరూ ఎందుకని అడగని పేషెంటు ఎవరు?"

"నాగభూషణం," అన్నారు డాక్టరు గారు చీటీతో గుమ్మంలోకి వస్తూ, హిందీలోనే. ఆయన పెదవులు పాలిపోయాయి. "కాలు విరిగి వచ్చాడు. షుగరుంది. రోజూ ఇన్సులిన్ ఇస్తాం. మగవాళ్ళ వార్డు, నాలుగో నంబరు."

"రైల్వే యార్డులో పాయింట్స్‌మేన్, పట్టాలు మార్చేవాడు. వ్యాగన్లలోంచి మందుల పెట్టెలు దొంగిలిస్తున్నవాళ్ళని చూశాడు, వాళ్ళ దగ్గర కొంటున్నవాణ్ణి కూడా చూశాడు. వచ్చే సోమవారం మేజిస్ట్రేటు ముందు ఆ పేరు చెప్పబోతున్నాడు, ఇంతవరకు యార్డంతా ఎరిగిందే. పొద్దున్న వార్డులో పలకరిస్తే నాతో ఒక్క ముక్క చెప్పలేదు, మంచం పక్కనున్న తలుపు వైపు భయంగా చూసి నోరు మూసుకున్నాడు. కామేశం! ఇప్పుడు చెప్పు. పేరు కొట్టకుండా వచ్చే ఆ అడ్రసు ఎవరికిచ్చావు?"

"ఒక్కరికేనండీ. మాటిమాటికీ పదం కొట్టడం విసుగు, బిల్లులు చూసుకోవాలి అంటే... చలపతి గారికి."

ఆ మాట గాలిలో ఉండగానే నడవా చివర్న స్టీలు ట్రే ఘల్లున పడింది. వెంటనే ఒక మగవాడి కేక.

పరుగెత్తాం. చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని నేనే ముందున్నాను. బ్రీఫ్‌కేసుతో సహా ఈశ్వరప్రసాద్ నా వెనక.

మగవాళ్ళ వార్డులో కిటికీ వెలుతురు చాలు, అంతా కనబడుతోంది. నాలుగో నంబరు మంచం మీద దుప్పటి కప్పిన ఆకారం కదలకుండా ఉంది. దాని పక్కన చలపతి మోకాళ్ళ మీద కూలబడి ఉన్నాడు. వాడి కుడి చెయ్యి వెనక్కి మెలి తిరిగి కోటేశ్వరి పిడికిట్లో ఉంది. సిరంజి నేల మీద దొర్లుతోంది. పన్నెండేళ్లుగా గింజుకునే పేషెంట్లని ఒడిసి పట్టి సూదులేసిన చెయ్యి అది. వదులుతుందా?

"తలగడాలకి సూదేస్తన్నాడమ్మా ఈడు!" అంది ఆమె రొప్పుతూ. "దుప్పటి ఎత్తి సూడనైనా సూడనేదు. మీరు సెప్పినట్టే తలుపెనక నిల్సున్నాను. పిల్లిలాగొచ్చినాడు."

"అబద్ధం డాక్టరు గారూ!" చలపతి గొంతు చించుకున్నాడు. "సూదేస్తన్నది ఈవిడే! నానడ్డుపడినాను! ముద్దాయిని ఒదిలేసినారు, ఇంకేటవుతాది!"

అదే వాడి లెక్క. కోటేశ్వరి వార్డులో ఉందని నా నోటితోనే విన్నాడు. కరెంటు లేదు, అందరూ మెట్ల కింద గదిలో ఉన్నారు. ఇప్పుడు పని ముగిస్తే ఆ హత్య కూడా ఆమె నెత్తినే పడుతుంది. నేను వేసిన గాలానికి ఎర ఆ లెక్కే.

"ఒరే సలపతీ!" గోడ పక్క చివరి మంచం మీంచి ఒక గొంతు లేచింది. పిండికట్టు కాలు దిండు మీద పెట్టుకుని నాగభూషణం కూర్చుని ఉన్నాడు. జోగమ్మా కోటేశ్వరీ కలిసి అతని మంచాన్ని చక్రాల మీద అక్కడికి తోసేసి, నాలుగో నంబరు చోట ఖాళీ మంచం పెట్టి తలగడాలకి దుప్పటి కప్పారు. "నానిక్కడే ఉన్నాన్రా! మొత్తం సూసినాను. ఇరిగింది కాలు, కళ్ళు కాదు. సోమారం సెప్పీ నీ పేరు ఇయ్యాలే సెప్పేస్తాను, ఎవులు రాసుకుంతారో రాసుకోండి!"

ఈశ్వరప్రసాద్ బ్రీఫ్‌కేసు తెరిచి కలం తీశాడు. "నేను రాసుకుంటాను," అన్నాడు. "కానీ కేసు మాత్రం సత్యవాణి గారిది. ఫొటో కూడా." నా చెవులని నేనే నమ్మలేకపోయాను. పోయినేటి మంట ఆ నిమిషంలో సగం చల్లారింది. మిగతా సగం పేపరు వచ్చాక చూస్తాను.

బయట జీపు ఆగింది. బూట్ల చప్పుడు నడవాలో దగ్గరైంది. ఇన్‌స్పెక్టరు గుమ్మంలో నిలబడి, కాగితం చూసి, "కోటేశ్వరి కౌన్ హై?" అన్నాడు.

గంట కిందట ఈ ప్రశ్నకి ఆ మనిషి తల వంచుకునేది. ఇప్పుడు వంచలేదు.

"నానే దాదా," అంది. చలపతి మణికట్టుని మెలి తిప్పి ముందుకి చాపింది. "బేడీలు దీనికెయ్యండి. బేగి ఎయ్యండి, నా సెయ్యి నొప్పెడతంది."

డాక్టరు గారు ఇన్‌స్పెక్టరుకి బెంగాలీలో గబగబా అంతా చెప్పి, చీటీ చేతిలో పెట్టారు. బేడీలు పడ్డ చప్పుడు విన్నాక గానీ కోటేశ్వరి పిడికిలి వదల్లేదు. వదిలాక ఆ చెయ్యి వణకడం మొదలుపెట్టింది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని మంచం అంచు మీద కూర్చుండిపోయింది. అప్పుడు ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను.

మేడ మెట్ల మీంచి గబగబా అడుగులు. నిన్న సూది పొడిచిన కొత్త నర్సు, మొహం కందగడ్డ చేసుకుని వచ్చింది.

"డాక్టరు గారూ, బాలాంబ గారు నా చేత ఇంజక్షను వేయించుకోనంటున్నారు. చెయ్యి ముట్టుకోనివ్వట్లేదు. ఎవరు చెప్పినా వినట్లేదు."

"ఏమంటున్నారు?" అన్నాను నేను.

"కోటేశ్వరిని పిలవండి, దాని చెయ్యైతే సూది దిగినట్టే తెలీదు అంటున్నారండీ."

కోటేశ్వరి కొంగుతో మొహం తుడుచుకుంది. లేచి నిలబడి యూనిఫాం సర్దుకుంది. తన కుడి చెయ్యి ఒకసారి చూసుకుంది. వణుకు ఆగిపోయింది.

"వస్తన్నానని సెప్పు," అంది, మెట్ల వైపు నడుస్తూ.